ఉత్తీర్ణశబ్దవిమర్శనము

విద్యను గుఱించిన మాటలలో ననేకములు నీటిని గుఱించిన మాటలు. పరీక్షయందు జయము నొందినవాఁడు ఉత్తీర్ణుఁడు. ‘తౄ’ ధాతువునకు దాఁటుట యర్థము. ‘ఉత్’ అను నుపసర్గము చేరఁగా నీటినుండి పైకి వచ్చినవాఁడని భావము. శాస్త్రమునందుఁ బూర్ణపాండిత్యము గలవాఁడు పారంగతుఁడు, అనఁగా ఆవలియొడ్డు చేరినవాఁడు. నిపుణుఁడు నిష్ణాతుఁడు, అనఁగా లెస్సగా మునిఁగి స్నానము చేసినవాఁడు. వేదాధ్యయనము ముగించి గురుగృహమునుండి మరలువానికి స్నానము విధింపఁబడినందున వాఁడు స్నాతకుఁడయ్యెను. విశ్వవిద్యాలయములు పట్టములిచ్చు నుత్సవము నేఁటికిని స్నాతకోత్సవమే. గురువు తీర్థము, అనఁగా నీటిలోనికి దిగు రేవు. ఒక్క రేవున దిగినవారు సతీర్థులు. తెలుఁగు పలుకుబడియు నీ త్రోవనే నడచినది. బాలుఁడు పరీక్ష గట్టెక్కును, చదువు కడతేఱును, చదువనివాఁడు నట్టేట మునుఁగును.

ఈ మాటలన్నిటియందును ఒక సామాన్యలక్షణము కలదు. ఏఱు దాఁటువాని పోరు ఏటితోడిదే కాని తోడివానితోడిది కాదు. ఒకఁడు దాఁటినంతమాత్రమున మఱియొకనికి ఒడ్డు తఱుగదు. పదిమంది దాఁటినను ఒడ్డు ఒడ్డే. వేయిమంది దాఁటినను ఒడ్డే. కావున ఉత్తీర్ణశబ్దమునందు గెలుపు కలదు గాని యొరుని యోటమి లేదు. ఈ లక్షణమును గుర్తింపకుండుటచేతనే నేఁటి విద్యావ్యవహారమున నొక పెద్ద చిక్కు పుట్టినది. పదవ తరగతి ఫలితములు వెలువడు దినమున ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల యిండ్లలో తండ్రులు తొలుత నడుగునది ‘గట్టెక్కినాఁడా?’ యని కాదు, ‘ఎంత వచ్చినది? ఆ వచ్చినదానికి సీటు వచ్చునా?’ యని. మొదటి ప్రశ్నకు ప్రత్యుత్తరము నాఁడే దొరకును. రెండవదానికి వారములు గడచినఁగాని దొరకదు. ఏలయన నది యీ బాలుని చదువును మాత్రమే పట్టియుండదు, వాఁడు ముఖమెఱుఁగని వేలకొలఁది బాలబాలికల చదువును పట్టియుండును. ఈ రెండు వేఱ్వేఱు వ్యవహారములకును ఒక్కటే మాటను వాడుట తగునా, వాడుటవలన నెవ్వరికి నే హాని కలుగుచున్నది యనునది యిట విచార్యము.

కొల్లేటిసీమలో ఈ మాటలకు వాచ్యార్థ మింకను జీవించియున్నది. కృష్ణాగోదావరుల డెల్టాల నడుమ పల్లమున నున్న యీ మంచినీటి సరస్సులోనికి బుడమేఱు, తమ్మిలేఱు, రామిలేఱు మొదలగు నేఱులును, పెక్కు కాలువలును వచ్చి చేరును. మిక్కిలియైన నీరు ఉప్పుటేఱుగుండ బంగాళాఖాతమునకుఁ బోవును. సరస్సునడుమ మిట్టలపై లంకగ్రామములు కలవు. వానకాలమున నీరు పెరిగినపుడు త్రోవలు మునుఁగును; పడవలే గతి యగును. చేఁపలచెఱువుల గట్లు కొన్నియెడల నడిచిపోవువారికి దారులు. అట్టి సీమలోఁ బుట్టిన పిల్లవానికి గట్టెక్కుట యనునది పుస్తకములో నేర్చిన యలంకారము గాదు. గట్టు వానికాళ్లకుఁ దెలియును. నీటినుండి గట్టుమీఁది కెక్కినవాఁడు క్రిందివానికి చేయి యందించుట కూడ వాఁడెఱుఁగును.

తెలుఁగు సామెతయు నీ భావమునకే సాక్షి. ఏఱు దాఁటువఱకు ఓడమల్లయ్య, దాఁటిన పిదప బోడిమల్లయ్య యను సామెత దాఁటినవాని కృతఘ్నతను నిందించును. దాఁటించినవానిని మఱచుట తప్పని చెప్పును గాని, ఒకని దాఁటు మఱియొకనికి కీడని యెచ్చటను సూచింపదు. ఓడ నిండినచో మరల వచ్చును. రెండవ విడతవాఁడును దాఁటును. ఆలస్యమే కాని నిషేధము లేదు. ఉత్తీర్ణశబ్దము మన పాఠశాలలలో రూఢియగునప్పటికి దాని వెనుక నున్న లోకానుభవ మిట్టిది.

1857లో మదరాసు విశ్వవిద్యాలయము స్థాపితమైన పిదప ‘పరీక్ష’ యను మాటకును క్రొత్తరూఢి కలిగెను. పరి యనఁగా చుట్టును, ఈక్షణమనఁగా చూచుట. రత్నపరీక్షయందు రత్నమును త్రిప్పి త్రిప్పి యన్నివైపులఁ జూతురు. శిష్యపరీక్షయందు గురువు శిష్యుని నడవడిని, నిద్రను, మాటను, ఓర్పును చిరకాలము కనిపెట్టును. విశ్వవిద్యాలయమువారి పరీక్షలో బాలుని చుట్టును చూచుట పోయి వాని వ్రాఁతను మాత్రము చూచుట వచ్చినది. ఐనను అదియు దాఁటుటకు సంబంధించినదే. ఏర్పఱచిన యంకములు వచ్చినవాఁడు మెట్రిక్యులేషను ఉత్తీర్ణుఁడు. పిమ్మట స్కూలుఫైనలు వచ్చినపుడు కళాశాలలోఁ జేరఁదగినవారిని ‘అర్హు’లని ప్రకటించు నాచారము కలిగెను. అర్హతయు నొక మట్టమును చేరుటయే. ఆ మట్టమును చేరిన వాఁడు చేరినట్లే లెక్క.

నాఁడు కొల్లేటిప్రాంతపు విద్యార్థులు పైచదువులకు బందరునకో రాజమహేంద్రవరమునకో పోవలసియుండిరి. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయము నెలకొన్నది. దాని ప్రథమోపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1945లో వారి పేర ఏలూరున సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల వెలసినది. ఆ తరమువారికి చింతలు లేవని కాదు. దూరమును, ధనమును, ఆంగ్లభాషయు వారికి పెద్ద యడ్డంకులు. కాని యవి యేటి లోఁతువంటివి. దాఁటవలసినవాని బలమునకును ఏటి లోఁతునకును గల సంబంధమే యందు ప్రధానము.

తెలుఁగు సాహిత్యమున పరీక్షాభయము తొలుత నిట్లే కనఁబడును. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమై, 1909లో సమూలముగ మార్పునొందిన నాటకము. అందు వేంకటేశము పరీక్ష తప్పినవాఁడు. వాని భయమంతయు తండ్రియగు అగ్నిహోత్రావధానులను గుఱించినది. గిరీశము ఆ భయమును తనకు ఉపాయముగా మార్చుకొని, గురువు వేషముతో బాలునివెంట అగ్రహారమునకుఁ బోవును. హాస్యమునకు మూలమైన యీ సన్నివేశమున నొక సూక్ష్మము కలదు. వేంకటేశము తప్పుటకుఁ దోడివారెవ్వరును కారణము గారు. వారి జయమువలన వీనికి నష్టమును లేదు. కీడు పాఠశాలలో లేదు, ఇంటి గడపలో నున్నది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశమునందు సయితము మొగలితుఱ్ఱు యువకుఁడు సీమకు బయలుదేఱునపుడు రచయిత దృష్టి ప్రయాణముమీఁదనే నిలిచినది. టోపీ, ఓడ, రైలు, భోజనపుబల్ల: ఇవి వాని పరీక్షలు. అందును దాఁటుటయే ప్రధానము.

క్రొత్తవ్యవహారమునకు నిదర్శనము నూజివీడు. 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము చట్టముచే నేర్పడి, నూజివీడు, ఇడుపులపాయ, బాసర యను మూఁడుచోటుల విద్యాలయములను తెఱచినది. లోకులు దానిని ట్రిపుల్ ఐటీ యందురు. నూజివీడు 2022లో క్రొత్తగా నేర్పడిన ఏలూరు జిల్లాలోఁ జేరినది. పదవ తరగతి ముగించిన గ్రామీణవిద్యార్థులను చేర్చుకొని, రెండేండ్లు ప్రాథమికవిద్యయు, నాలుగేండ్లు ఇంజనీరింగు విద్యయు నచ్చటనే చెప్పుట దాని పద్ధతి. దానిలోఁ జేరుటకు పదవ తరగతి ఫలితమే యాధారము. కావున పదునైదేండ్ల బాలుఁడు తెలుఁగున, గణితమున, సాంఘికశాస్త్రమున వ్రాసిన వ్రాఁతయే వాని యాఱేండ్ల విద్యను నిర్ణయించును.

2012 మొదలు పదవ తరగతి ఫలితములు అంకములకు మాఱుగా శ్రేణులతోఁ బ్రకటింపఁబడెను. అంకముల పోటీ తగ్గించి బాలుర మనస్సులకు నెమ్మది కలిగించుటయే యా మార్పునకుఁ జెప్పఁబడిన కారణము. ఫలితమెట్లుండెనో గణితముచేతనే తెలియును. ఆఱు విషయములలోను పదేసి పాయింట్లు వచ్చినవాని సగటు 10. ఒక్క విషయమున నొక్క మెట్టు తగ్గినచో సగటు 9.8, రెంట తగ్గినచో 9.7, మూఁట తగ్గినచో 9.5. మెట్టు తగ్గుటకు ఒక్కొకపుడు ఒక్క యంకమే చాలును. అనఁగా మార్కుల యెగుడుదిగుళ్లను కప్పుటకై పఱచిన శ్రేణి యను కంబళి యంచులయొద్ద వానిని మఱింత హెచ్చించెను. 9.8 వచ్చిన బాలుని తల్లి సంతసింపవలెనో చింతింపవలెనో యెఱుఁగకుండెను. సమానమైన సగటు గలవారు వందలకొలఁది యున్నందున ముందుగా గణితమున హెచ్చువానిని, పిదప విజ్ఞానశాస్త్రమున హెచ్చువానిని, తుదకు వయసునఁ బెద్దవానిని ముందు నిలుపు నియమములు కావలసివచ్చెను. పుట్టినదినము కూడ ప్రవేశమునకు హేతువైన చోట ‘చదివి గట్టెక్కుట’ యను మాట యెంతవఱకు పొసఁగును?

2020, 2021 సంవత్సరములలో కోవిడు వ్యాధివలన పదవ తరగతి పరీక్షలు జరుగకపోఁగా, ఆ విశ్వవిద్యాలయము ప్రవేశమునకై వేఱుగా పరీక్ష పెట్టవలసివచ్చెను. 2022లో పదవ తరగతి పరీక్షలు మరల జరిగినపుడు శ్రేణులు పోయి అంకములే వచ్చెను. పదేండ్లలోపల కొలమానము ఇన్నిమాఱులు మాఱినది; బాలుర చింత మాత్రము మాఱలేదు. చింతకు మూలము కొలమానమున లేదు, చోట్ల కొఱఁతయందున్నది యనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

తాడేపల్లిగూడెమునఁ బరిస్థితి యింకను స్పష్టము. 2014 నాఁటి ఆంధ్రప్రదేశ పునర్వ్యవస్థీకరణ చట్టము ననుసరించి 2015లో నచ్చట జాతీయ సాంకేతికవిద్యాసంస్థ నెలకొల్పఁబడినది. అందలి స్థానములలో సగము స్వరాష్ట్రవిద్యార్థులకును, సగము తక్కిన దేశమునకును చెందును. ప్రవేశము జె.ఇ.ఇ. మెయిన్ అను దేశవ్యాప్తపరీక్షనుబట్టి కలుగును. 2019 మొదలు ఆ పరీక్షాఫలితము పర్సంటైలుగాఁ బ్రకటింపఁబడుచున్నది. ఊరివారికి శాతమనిన దెలియును. నూటికి తొంబదితొమ్మిది యనఁగా నూఱు ప్రశ్నలలో తొంబదితొమ్మిది చెప్పినాఁడని తలంతురు. పర్సంటైలు అట్టిది కాదు. 99 పర్సంటైలనఁగా పరీక్ష వ్రాసిన నూఱుగురిలో తొంబదితొమ్మండ్రు వానితో సమానముగనో వానికి క్రిందనో యున్నారని యర్థము. వాఁడెన్ని ప్రశ్నలకు సరిగా వ్రాసెనో యా సంఖ్య చెప్పదు. పదిలక్షలమంది వ్రాసినచో 99 పర్సంటైలు గలవానికిఁ బైన సుమారు పదివేలమంది యుందురు. ఏలూరున మిఠాయి పంచిన తండ్రియే నాలుగుదినముల పిదప తలవంచుకొనుటకు ఈ శబ్దభ్రాంతి యొక కారణము.

ఈ సంఖ్యయొక్క స్వభావమున మఱియొక విశేషము కలదు. అందఱును రెట్టింపు శ్రమించి చదివి, అందఱును మునుపటి వరుసలోనే యుండినచో, ఎవ్వని పర్సంటైలును రవ్వంతయు పెరుగదు. దేశమున విద్య పెరుగును గాని సంఖ్య పెరుగదు. ఏటిని దాఁటుటలో నిట్టిది లేదు. అందఱు ఈఁత నేర్చినచో అందఱు దాఁటుదురు. కావున ఇది తరణము గాదు, తూఁకము. తరణమున నొకఁడు నీటితోఁ దూఁగును. తూఁకమున నొకఁడు మఱియొకనితోఁ దూఁగును. మొదటిదానికి ఉత్తీర్ణశబ్దము తగును. రెండవదానికిఁ దగదు. తగనిచోట దానిని వాడుటవలన దాని కెదురుమాటయగు ‘తప్పుట’ కూడ తగనిచోటికి వచ్చి చేరినది.

తప్పు శబ్దమును విమర్శింపవలసియున్నది. క్రియగా దానికి లక్ష్యమును వీడి పోవుట ప్రథమార్థము. బాణము గుఱి తప్పును. బాటసారి దారి తప్పును. ఈ యర్థమున దోషారోపణము లేదు. గండము తప్పినదనునపుడు మేలుగనే వినఁబడును. తప్పదు అనునపుడు అనివార్యత తెలుపును. నామవాచకమైనపుడు మాత్రము తప్పు అపరాధమగును. పరీక్ష తప్పెను అను వాక్యమున క్రియ గుఱి తప్పుటవంటిదే. కాని వినువాని చెవిలో నామవాచకపుఁ జాయ పడక మానదు. ఆ చాయ ముదిరి ముదిరి, 9.8 తెచ్చుకొని, ప్రతి విషయమునందు నుత్తీర్ణుఁడై, నూజివీట చోటు దొరకనివానినిఁ గూడ ‘తప్పినాఁడు’ అను వాడుక గ్రామములలోఁ గలిగినది. వాఁడు దేనిని తప్పెను? పరీక్షను తప్పలేదు. మాట తప్పలేదు. వానిముందు వేయిమంది యుండిరి, అంతియే. ‘సీటు పోయినది’ అను వాడుకయు నిట్టిదే. చేతిలో నున్నది పోవును గాని యెన్నఁడును లేనిది పోవు టెట్లు? లేనిదానిని పోఁగొట్టుకొన్నవానిగా బాలుని చేయుట మాటలు చేయు నన్యాయము.

ఇది పండితుల శబ్దవినోదము గాదు. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన పిదప ఇరువదిమందికిఁ బైగా విద్యార్థులు ప్రాణములు విడిచిరని పత్రికలు ప్రకటించెను. తప్పిరని ప్రకటింపఁబడినవారి యుత్తరపత్రములను మరలఁ జూడఁగా వేయిమందికిఁ బైగా ఉత్తీర్ణులని తేలెను. తెలుఁగున సున్న వచ్చినదని ముద్రింపఁబడిన యొక బాలికకు మరలఁ జూచినపుడు తొంబదితొమ్మిది యంకములుండెను. తెలుఁగుపండితు లొక్కసారి నిలిచి చూడవలసిన సంఖ్య యిది. ఆ బాలిక తప్పలేదు. ఆమెను లెక్కించినవారు తప్పిరి. పరీక్ష తప్పుట యపరాధమని యెంచు సమాజమున లెక్కించువాని పొరపాటును బాలిక తలపైనే పడును. ఒక్క పరీక్షాఫలితమునుబట్టి మనుష్యుని విలువ నిర్ణయింపరాదని చెప్పుట సులభము. ఆ నిర్ణయమును ప్రతిదినము నోట చేయుచున్న మాటను విడుచుటయే కష్టము.

ఇందుకు పూర్వపక్షము లేకపోలేదు. ప్రాచీనమగు తీర్థము మేలనియు, నవీనమగు వరుససంఖ్య కీడనియు సిద్ధాంతీకరించుట సత్యమునకు దూరము. ప్రాచీనతీర్థమునకు దిగుమెట్లు అందఱికి లేవు. భారతమున నేకలవ్యుఁడు ద్రోణునియొద్దకు వచ్చినపుడు విలువిద్యలో వాని నేర్పు పరీక్షింపఁబడలేదు. వాని పుట్టువే చూడఁబడినది. విద్య నేర్చిన పిదప బొటనవ్రేలు దక్షిణగా నిచ్చుకోవలసివచ్చెను. సతీర్థ్యమను చల్లనిమాట వెనుక నెందఱకో మూయఁబడిన రేవు కలదు. స్త్రీలకును నా రేవు చిరకాలము మూయఁబడియేయుండెను. హాల్‌టిక్కెట్టుపై నున్న సంఖ్య వ్రాసినవాని కులమును దిద్దువానికిఁ జెప్పదు. సంఖ్య కఠినమే, కాని ద్రోణునివలె ముఖము చూచి పొమ్మనదు. లంకగ్రామపు బెస్తల యింటి బాలిక ఇంజనీరగుటకు దారి చూపినది యీ సంఖ్యయే యనుట మఱువరాదు.

అంతేకాక నూజివీటి నియమములలో నొకటి విమర్శకుని యాదరమునకుఁ దగినది. శ్రేణుల కాలమున ప్రభుత్వపు వసతిరహితపాఠశాలలలోఁ జదివినవారి సగటునకు 0.4 కలుపుచుండిరి. దానిని డిప్రివేషను స్కోరనిరి. ఒక విషయమున నొక మెట్టు సుమారు 0.17 గనుక, ఈ 0.4 రెండు మెట్లకంటె నెక్కువయు మూఁడుమెట్లకంటెఁ దక్కువయు నగును. ఉదాహరణమునకు లంకలోని ప్రభుత్వపాఠశాలనుండి 9.7 తెచ్చిన బాలిక 10.1 తో, పట్టణపు ప్రైవేటుపాఠశాలనుండి 10 తెచ్చిన బాలునికి ముందు నిలుచును. బాలుని తండ్రికి నిది యన్యాయముగాఁ దోఁపవచ్చును. కాని యిద్దఱు దాఁటినది ఒక్క యేఱు గాదని యా నియమము గుర్తించినది. ఒకరు వంతెనమీఁద వచ్చిరి. ఒకరు ఈఁది వచ్చిరి. తూఁకపు వ్యవహారమున తరణభావ మొక్కచోటనైన నిలిచియుండుట యిందుఁ గాననగును. దానికి ‘లేమి’ యను చక్కని తెలుఁగుమాట యుండఁగా విద్యార్థులకుఁ దెలియని యన్యభాషాపదము నేల యంటఁగట్టవలయును? ‘లేమి పూరణ’ మన్నచో బాలికకును బాలునికిని కూడ కారణము సులభముగ బోధపడును.

ఇంక కటాఫు అను గీఁతను గుఱించి చెప్పవలసియున్నది. అది విద్యార్థుల నడుమ నున్న సహజభేదమని చాలమంది తలంతురు. కొల్లేటిసీమవారికి గీఁతల స్వభావము తక్కినవారికంటె నెక్కువ తెలియవలయును. 1999లో కొల్లేటిని అభయారణ్యముగాఁ బ్రకటించినపుడు సముద్రమట్టమునకు ఐదడుగుల యెత్తు గీఁత సరిహద్దయ్యెను. 2006లో ఆ గీఁతలోపలి చేఁపలచెఱువుల గట్లు తెంపఁబడెను. 2008లో రాష్ట్రశాసనసభ దానిని మూఁడడుగులకు తగ్గింపవలెనని తీర్మానించెను. గీఁతకు లోన బయట నున్న మన్ను ఒక్కటే. గీఁత యక్కఱలేదని కాదు. సరస్సునకు గీఁత కావలయును. కాని గీఁత మంటి గుణము గాదు.

పైగా అడుగుల గీఁత శాసనముచేఁ గదలును గాని తనంతఁ గదలదు. కటాఫు ప్రతి యేఁటను కదలును. అది కొల్లేటి నీటియంచువంటిది. వానలు హెచ్చిన యేఁట నొక గడ్డ నీటిలో నుండును. వానలు తక్కువైన యేఁట నదే గడ్డ తీరమగును. గడ్డ యంగుళమైనను కదలలేదు. అట్లే ఒక సగటుతో నొక యేఁట చోటు దొరకును. అదే సగటుతో మఱుసటి యేఁట దొరకదు. బాలుని చదువులో భేదము లేదు, నీరు పెరిగినది. ఈ యుపమానమును పాఠశాలలో నొక్కసారి చెప్పినచో కొల్లేటిసీమ బాలునికి వేఱు వ్యాఖ్యానము వలదు.

కొల్లేటితో సంబంధము గల కథ యొకటి సంస్కృతసాహిత్యమున నున్నది. దండి దశకుమారచరితమున ఆంధ్రనగరమునకు సమీపమున నొక మహాసరస్సు చెప్పఁబడినది. అది కొల్లేఱే యని పెక్కుమంది పండితుల యభిప్రాయము. పెదవి నొచ్చుటచే నోష్ఠ్యాక్షరములు విడిచి తన కథ చెప్పు మంత్రగుప్తుఁడు అందు కథానాయకుఁడు. రాజకన్యను పొందఁగోరిన యాంధ్రరాజు, ఈ సరస్సున మునిఁగినచో క్రొత్తరూపము కలుగునని నమ్మి, నీటిలో దిగును. మంత్రగుప్తుఁడు నీటిలోపల వానిని చంపి, తానే రాజునని పైకి వచ్చును. తీరమున నున్నవారు రాజు రూపము మాఱి వచ్చెనని సంతసింతురు. దిగినవాఁడొకఁడు, పైకి వచ్చినవాఁడు వేఱొకఁడు. కథగా నది చమత్కారము. విద్యావిషయమున మాత్రము భయంకరము. పరుగెత్తుటయు, చేఁపలు పట్టుటయు, పాడుటయు నెఱిఁగిన పిల్లవాఁడు వసతిశిక్షణాలయమున దిగి, రెండేండ్లకు పర్సంటైలు మాత్రమే యెఱిఁగిన వేఱొక్కఁడై పైకి వచ్చినచో దానిని ఉత్తీర్ణత యనవచ్చునా? దిగినవాఁడే పైకి రావలయును. బలము హెచ్చి రావలయును. ఉత్తీర్ణశబ్దమున కిది ప్రాణము. స్థానము దొరకినవారిలోను ఇట్టి యుత్తీర్ణులు గానివారు కలరు. దొరకనివారిలోను ఉత్తీర్ణులు కలరు.

కావున వ్యవహారమున మూఁడుమాటలను వేఱుపఱచుట యుక్తము. పాఠ్యవిషయమును తగినంత నేర్చినవాఁడు ఉత్తీర్ణుఁడు. ఇది వానికిని విద్యకును గల సంబంధము. కోరిన విద్యాలయమునఁ బ్రవేశము లభించినవాఁడు చోటు దొరకినవాఁడు. లభింపనివాఁడు చోటు దొరకనివాఁడు. ఇది వానికిని స్థానముల సంఖ్యకును గల సంబంధము. ఇంక తప్పుట యనుమాట వలసినచో, నేర్వవలసినది నేర్వనిచోట మాత్రమే, అదియు గుఱి తప్పుట యను తొలియర్థముననే వాడవలయును. గుఱి తప్పినవాఁడు మరల నమ్ము తొడుగును. తప్పు చేసినవాఁడు తల వంచుకొనును. రెంటికి నడుమ నున్న యంతరము ఒక బాలుని ప్రాణమంత.

మాటలు మాఱినంతమాత్రమున నూజివీట చోట్లు పెరుగవు. తాడేపల్లిగూడెమున తరగతిగదులు పెరుగవు. ఆ పని ప్రభుత్వములది. కాని ఫలితముల దినమున పాఠశాల వసారాలో కాగితము చేతఁబట్టుకొని నిలిచిన పదునైదేండ్లవానితో మొట్టమొదట మాటాడువాఁడు మంత్రి గాఁడు, ఉపాధ్యాయుఁడు. 9.8 చూచి ‘అయ్యో, తప్పినదా!’ అనుటకును, ‘గట్టెక్కినావు నాయనా, అక్కడ చోటు చాలదేమో, వేఱు రేవు చూతము’ అనుటకును అక్షరముల సంఖ్యలో భేదము స్వల్పము. మొదటిమాట వినిన పిల్లవాఁడు ఇంటికిఁ బోవు దారి మఱచును. రెండవమాట వినినవాఁడు రేవు వెదకును. తీర్థమను పేరు గురువునకు వచ్చినది దాఁటించుటవలననే గాని వరుసలు లెక్కించుటవలన గాదు.